ఇంట్లో స్పిరులినా తొట్టి: జీవి తీరు తెలుసుకోవడం నుంచి పొడి నోట్లో వేసుకునేదాకా

నీటి మీద పచ్చటి తెట్టు కనిపిస్తే ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాం. ఆ తెట్టుకు దగ్గరి చుట్టమైన ఒక జీవిని ఆఫ్రికాలోని చాద్ సరస్సు ప్రాంతంలో కనెంబు ఆడవాళ్లు వడగట్టి, ఇసుక మీద పోసి ఎండబెట్టి, పలకలుగా కోసి సంతలో అమ్ముతారు. దాని పేరు ‘దిహే’. మెక్సికోలో టెక్స్‌కోకో సరస్సు మీద ఆజ్టెక్ ప్రజలు సన్నని వలలతో ఇదే పని చేసేవాళ్లని 16వ శతాబ్దంలో అక్కడికి చేరిన స్పెయిన్ వాళ్లు రాసిపెట్టారు. ఇప్పుడు స్పిరులినా పేరుతో సీసాల్లో వచ్చేది ఈ జీవే.

దీన్ని 40 లీటర్ల తొట్టిలో పెంచి, వడగట్టి, ఆరబెట్టి, తినడం ఎలాగో ఇక్కడ చెబుతాను. కొలతల దగ్గరికి వెళ్లే ముందు జీవశాస్త్రం కొంత ఉంటుంది, దాన్ని దాటేయకండి. నేను కొలతలు మాత్రం బట్టీ పట్టి మొదటి తొట్టి పెట్టాను. మూడు రోజుల్లో అది పసుపు తిరిగి చచ్చింది. ఎందుకు చచ్చిందో అర్థం కావడానికి నెల పట్టింది.

అసలు ఇది ఏ జీవి?

సూక్ష్మశైవలాలు అన్నది ఒక వంశం పేరు కాదు. నీళ్లలో ఉంటూ, వెలుతురుతో తమ తిండి తామే వండుకుంటూ, విడివిడిగా కంటికి ఆననంత చిన్నగా ఉండేవాటన్నిటినీ ఒకే గంపలో వేసి ఆ పేరు పెట్టేశారు. ఆ గంపలో ఒకరికొకరు సంబంధమే లేనివాళ్లు ఉన్నారు. క్లోరెల్లా అనే ఆకుపచ్చ శైవలం కణంలో కేంద్రకం ఉంటుంది, హరితరేణువు ఉంటుంది. అది మొక్కలకు బంధువు. స్పిరులినాలో ఆ రెండూ ఉండవు. అది సయనోబాక్టీరియా, అంటే వెలుతురు తిని బతికే బాక్టీరియా. దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది ఈ సయనోబాక్టీరియా పుణ్యానే. ఆకుల్లోని హరితరేణువు కూడా ఎప్పుడో ఒక పెద్ద కణం మింగి, అరిగించుకోకుండా లోపలే ఉంచేసుకున్న సయనోబాక్టీరియా సంతతే. ఈ లెక్కన చెట్లన్నీ వీటి దగ్గర అద్దెకున్నాయో, ఇవే చెట్లలో అద్దెకున్నాయో చెప్పడం కష్టం.

శాస్త్రీయంగా దీని పేరు ఆర్థ్రోస్పైరా ప్లాటెన్సిస్. ఇటీవల కొందరు లిమ్నోస్పైరా అని మార్చారు. స్పిరులినా అనే అసలు ప్రజాతి వేరే ఉంది, దాన్ని మనం తినం. కానీ వ్యాపారంలో పేరు అతుక్కుపోయింది కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను.

తొట్టి పెట్టేవాళ్లకు దీని లక్షణాల్లో నాలుగు పనికొస్తాయి.

మొదటిది ఆకారం. కణాలు ఒకదాని వెనక ఒకటి చేరి, స్ప్రింగులా మెలి తిరిగిన పోగులుగా పెరుగుతాయి. పోగు పొడవు సాధారణంగా కొన్ని వందల మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అందుకే సన్నని గుడ్డతో వడగట్టవచ్చు. క్లోరెల్లా కణం పది మైక్రాన్లు కూడా ఉండదు, గుడ్డలోంచి జారిపోతుంది; దాన్ని నీటి నుంచి వేరుచేయడానికి సెంట్రిఫ్యూజ్ లాంటి యంత్రాలు కావాలి.

రెండోది కణం గోడ. ఇందులో సెల్యులోజ్ లేదు కాబట్టి మన పొట్ట సులువుగా అరిగించుకుంటుంది. క్లోరెల్లా గోడ అంత సులువుగా లొంగదు, అందుకే దాని పొడి సీసాల మీద కణం గోడ పగలగొట్టినట్టు ప్రత్యేకంగా రాస్తారు.

మూడోది నీటి రుచి. స్పిరులినాకు సోడా నీళ్లు ఇష్టం. సరస్సుల్లో అది పెరిగే చోట నీటి క్షారగుణం ఎంత ఎక్కువంటే, మామూలు నాచు, పురుగు, రోగాల బాక్టీరియా చాలావరకు అక్కడ నిలవలేవు. వెలుతురులో అది నీటిలోని బైకార్బొనేట్‌ను లోపలికి లాక్కుని, కార్బన్‌ను వాడుకుని, క్షారాన్ని బయటికి వదులుతుంది. అంటే పెరుగుతున్నకొద్దీ పీహెచ్, అంటే క్షారగుణపు కొలత, పైకి పోతుంది. తన కోట గోడను తానే ఎత్తు పెంచుకుంటూ పోతుందన్నమాట. ఇంట్లో పెట్టుకోదగ్గ సూక్ష్మశైవలం ఇదొక్కటే అని నేననడానికి కారణం ఇదే.

నాలుగోది రంగు. పత్రహరితంతో పాటు ఇందులో ఫైకోసయనిన్ అనే నీలి రంగు మాంసకృత్తు ఉంటుంది. అది 620 నానోమీటర్ల దగ్గరి నారింజ వెలుతురును పట్టి పత్రహరితానికి అందిస్తుంది. నత్రజని కరువైతే స్పిరులినా ముందుగా ఈ ఫైకోసయనిన్‌నే విరగ్గొట్టుకుని తింటుంది, నీలం తగ్గి పసుపు పచ్చ తేలుతుంది. కాబట్టి తొట్టి రంగు మీకు రోజూ అందే ఆరోగ్య నివేదిక.

మిగతా చుట్టాల సంగతి

క్లోరెల్లాను 1890లో బైయెరింక్ అనే డచ్ శాస్త్రవేత్త వర్ణించాడు. డునాలియెల్లా సలీనా గట్టి ఉప్పు నీళ్లలో బతుకుతుంది. ఎండ, ఉప్పు కలిసి వేధిస్తే ఒంటినిండా బీటా కెరోటిన్ నింపుకుని నారింజ రంగుకు తిరుగుతుంది. హెమటోకాకస్ తిండి కరువై ఎండ మండితే ముడుచుకుని ఎర్రబడుతుంది. ఆ ఎరుపే ఆస్టాజాంథిన్. చేపనూనెలోని డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు కూడా చాలావరకు చేప సొంతంగా చేసింది కాదు, ఆహారపు గొలుసులో అడుగునున్న సూక్ష్మజీవుల నుంచి వచ్చింది. అందుకే చేప తిననివాళ్ల కోసం షిజోకైట్రియం అనే జీవిని మూసిన ట్యాంకుల్లో చక్కెర మేపి పెంచి ఆ నూనె నేరుగా తీస్తున్నారు. వెలుతురుతో దానికి పనేలేదు, అయినా వ్యాపారంలో శైవల నూనె అనే అంటారు.

ఇవేవీ ఇంట్లో ప్రయత్నించకండి. మామూలు పీహెచ్ నీళ్లలో పెరిగే దేన్నయినా పెంచాలంటే గాలిలో ఎగిరే ప్రతి అడ్డమైన బీజాన్నీ ఆపాలి, అది ప్రయోగశాల పని.

మొదటి అడుగు: తొట్టి, చోటు

40 లీటర్ల గాజు లేదా ఆహారానికి వాడే ప్లాస్టిక్ తొట్టి చాలు. లోతు 20 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోండి. చిక్కబడ్డాక వెలుతురు పై కొద్ది సెంటీమీటర్లలోనే ఆగిపోతుంది, కింద ఉన్నదంతా చీకట్లో కూర్చుంటుంది. లోతు కంటే వెడల్పే పంట ఇస్తుంది.

ఇక్కడే ఒక లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాత నిరాశ పడతారు. చిన్న తొట్లలో చదరపు మీటరు ఉపరితలానికి రోజుకు 5 గ్రాముల ఎండు పొడి వస్తే బాగా పండినట్టే. 20 సెంటీమీటర్ల లోతున 40 లీటర్లంటే 0.2 చదరపు మీటర్లు. అంటే రోజుకు ఒక గ్రాము. ఒక మనిషి రోజూ 5 గ్రాములు తినాలంటే చదరపు మీటరు తొట్టి కావాలి. 40 లీటర్ల తొట్టి నేర్చుకోవడానికి, ఇల్లంతటికీ మేత కోసం కాదు.

చోటు: పరోక్షపు వెలుతురు బాగా పడే కిటికీ పక్కన, లేదా ఎల్‌ఈడీ దీపం కింద రోజుకు 12 గంటలు. ఉష్ణోగ్రత 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా పెరుగుతుంది. 20 దిగితే దాదాపు నిద్రపోతుంది, 40 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. చల్లటి చోట అక్వేరియం హీటర్ వేసి 32 దగ్గర పెట్టండి. రాత్రి కాస్త చల్లబడితే నష్టం లేదు.

గాలి పంపు చిన్నది చాలు. బుడగలు పెద్దవిగా, నెమ్మదిగా రావాలి. పోగుల లోపల గాలి సంచుల్లాంటివి ఉండటం వల్ల స్పిరులినా పైకి తేలి అట్ట కడుతుంది. ఆ అట్ట పైన ఎండకు మాడుతుంది, కింద వెలుతురు లేక మాడుతుంది. పంపు లేకపోతే రోజుకు నాలుగైదుసార్లు చెక్క గరిటెతో మెల్లగా కలపండి. గట్టిగా చిలికితే పోగులు తెగి ముక్కలవుతాయి, ఆ ముక్కలు వడగట్టేటప్పుడు గుడ్డలోంచి పోతాయి. తొట్టి మీద పల్చటి తెర తప్పనిసరి. దోమలకు మీ నీటి క్షారగుణం గురించి తెలియదు, వచ్చి గుడ్లు పెట్టి చూస్తాయి.

రెండో అడుగు: నీళ్లు, లవణాలు

నీళ్లు వడపోసినవి, కాఠిన్యం తక్కువున్నవి అయితే మేలు. కఠిన జలంలోని కాల్షియం ఎక్కువ పీహెచ్‌లో సున్నపు పొడిలా అడుగున దిగుతుంది, పోతూపోతూ ఫాస్ఫేట్‌ను కూడా వెంట తీసుకుపోతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ఒక రోజంతా గాలి పంపు పెట్టి ఉంచండి. క్లోరిన్ బదులు క్లోరమైన్ అనే మందు కలిపే చోట ఇది సరిపోదు, ఉత్తేజిత బొగ్గు (యాక్టివేటెడ్ కార్బన్) వడపోత కావాలి.

లీటరు నీటికి ఇవి కలపండి: వంట సోడా 8 గ్రాములు, అయోడిన్ లేని ఉప్పు 5 గ్రాములు, పొటాషియం నైట్రేట్ 2 గ్రాములు, డైపొటాషియం ఫాస్ఫేట్ 0.5 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాము. ఇనుము విడిగా వేయాలి. ఇలా లవణాలు కలిపిన నీళ్లనే మాధ్యమం అంటారు. 1966లో జరూక్ అనే పరిశోధకుడు రూపొందించిన మాధ్యమం ప్రయోగశాలల్లో ఇప్పటికీ ప్రామాణికం. అందులో వంట సోడా లీటరుకు 16.8 గ్రాములు, సూక్ష్మ మూలకాల జాబితా చాంతాడంత. ఇంటి తొట్టికి సోడా అందులో సగం చాలు, గాలిలోంచి కూడా కొంత కార్బన్ దిగుతుంది.

వంట సోడా అంటే బేకింగ్ సోడా. బేకింగ్ పౌడర్ కాదు, బట్టల సోడా కాదు. ఈ మూడూ ఒకటే అనుకున్నవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఇనుము కొలత చాలా చిన్నది, తూకానికి అందదు. అందుకే ఒక సీసాలో 500 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకుని, 5 గ్రాముల నిమ్మఉప్పు కరిగించి, తర్వాత 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కరిగించి పెట్టుకోండి. లీటరు తొట్టి నీటికి ఇది ఒక మిల్లీలీటరు. నిమ్మఉప్పు ఎందుకంటే, అది ఇనుమును పట్టుకుని ఉంచుతుంది. లేకపోతే క్షార నీటిలో ఇనుము తుప్పుగా మారి అడుగున చేరుతుంది, తొట్టిలో ఉన్నా స్పిరులినాకు అందదు.

లవణాలన్నీ ఆహార స్థాయివి లేదా ఔషధ స్థాయివి మాత్రమే వాడండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిగా ఉంటాను. పొలాల ఎరువుల్లో కాడ్మియం, సీసం, ఆర్సెనిక్ లాంటివి ఉండే అవకాశం ఉంది. మొక్క అయితే వేరులో కొంత, కాండంలో కొంత ఆపుకుంటుంది. స్పిరులినా ఒళ్లంతా నీళ్లలోనే ఉంటుంది, భార లోహాలను స్పాంజిలా పీల్చుకుంటుంది, మనం ఆ ఒంటిని మొత్తంగా తింటాం. దీనికున్న ఈ గుణాన్నే కలుషిత నీటి శుద్ధిలో వాడాలని పరిశోధకులు పనిచేస్తున్నారంటే అర్థం చేసుకోండి.

మూడో అడుగు: తోడు వేయడం

విత్తనం అంటే బతికున్న కల్చరే, అంటే నీళ్లలో పెరుగుతూ ఉన్న స్పిరులినానే. ఎండు పొడి నీళ్లలో వేస్తే మొలవదు, అది చచ్చిన సరుకు. పరిశోధన సంస్థల కల్చర్ నిల్వల నుంచో, ఇప్పటికే పెంచుతున్నవాళ్ల దగ్గర్నుంచో ఒక లీటరు తెచ్చుకోండి. చెరువులోంచి పచ్చ నీళ్లు తెచ్చి ప్రయత్నించడం మాత్రం వద్దు, ఆ పచ్చదనంలో ఏముందో ఎవరికీ తెలియదు.

తెచ్చిన చుక్కను సూక్ష్మదర్శిని కింద చూడండి. పిల్లలు ఆడుకునేదైనా వంద రెట్లు పెద్దదిగా చూపిస్తే చాలు. మెలికలు తిరిగిన పోగులు కనబడాలి. పూసల దండలా కణాలు గుండ్రంగా కనిపించినా, చిన్న చిన్న గోళాలు గుంపులుగా ఉన్నా, ఆ కల్చర్ వద్దు. తిన్నటి పోగులు స్పిరులినాలో కూడా వస్తాయి, కానీ అవి స్పిరులినావేనా, ఇంకోదానివా అన్నది కొత్తవాళ్లు తేల్చలేరు. అనుమానం ఉంటే పారేయండి.

ఇప్పుడు నా మొదటి తొట్టి ఎందుకు చచ్చిందో చెబుతాను. లీటరు కల్చర్‌ను తీసుకెళ్లి నలభై లీటర్ల నీళ్లలో పోసి ఎండలో పెట్టాను. చిక్కగా ఉన్నప్పుడు ఒక పోగు ఇంకో పోగుకు నీడ ఇస్తుంది. పలచన కాగానే ప్రతి పోగూ ఒంటరిగా ఎండకు ఎదురు నిలబడాలి. పట్టుకోగలిగినంత కంటే ఎక్కువ వెలుతురు పడితే కిరణజన్య సంయోగక్రియ జరిగే యంత్రాంగమే దెబ్బతింటుంది, రంగు వెలిసిపోతుంది. నీళ్లు చల్లగా ఉన్న పొద్దుటిపూట గట్టి ఎండ పడితే మరీ చేటు, ఎందుకంటే చలిలో మరమ్మతు పని మెల్లగా సాగుతుంది, దెబ్బ మాత్రం తగులుతూనే ఉంటుంది.

కాబట్టి రెట్టింపు పద్ధతి పాటించండి. లీటరు కల్చర్‌కు లీటరు మాధ్యమం. అది మళ్లీ ముదురు రంగుకు వచ్చాక రెండుకు రెండు, తర్వాత నాలుగుకు నాలుగు. మంచి వెచ్చదనంలో ఒక్కో రెట్టింపుకు మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. లీటరు నుంచి నలభైకి చేరడానికి మూడు వారాలు, నెల పడుతుంది. పలచగా ఉన్న ప్రతిసారీ ఒక పల్చటి తెల్లగుడ్డ కప్పి నీడ ఇవ్వండి.

నాలుగో అడుగు: రోజూ చూసేవి

చిక్కదనం కొలవడానికి ఒక పుల్ల చివర తెల్లటి ప్లాస్టిక్ బిళ్ల అతికించి, పుల్ల మీద సెంటీమీటర్లు గీయండి. నీళ్లలోకి దించుతూ పోతే బిళ్ల కనబడకుండా పోయే లోతే మీ కొలత. 5 సెంటీమీటర్లంటే పలచన, ఎండ తగ్గించాలి. 3 వద్ద రెట్టింపు చేయవచ్చు. 2 కి దిగితే కోతకు సిద్ధం. ఈ బిళ్లను మించిన పరికరం ఇంటి తొట్టికి అక్కర్లేదు.

పీహెచ్ వారానికి రెండుసార్లు చూడండి. కొత్త మాధ్యమం 8.3 చుట్టుపక్కల ఉంటుంది, ఇది బలహీన దశ, బయటి జీవులు దూరేది ఇప్పుడే. పెరుగుతున్నకొద్దీ 9.5 దాటుతుంది. 10 నుంచి 10.5 మధ్య ఉంటే తొట్టి సుఖంగా ఉన్నట్టు. 11 వైపు పోతుంటే బైకార్బొనేట్ అయిపోతోందని అర్థం. వంట సోడా కొద్దికొద్దిగా కలపండి. సోడా వేస్తే పీహెచ్ పెరగాలి కదా అనిపిస్తుంది, కానీ ఇంత పైకెళ్లిన నీటిని 8.3 పీహెచ్ ఉన్న వంట సోడా కిందికే లాగుతుంది.

ఆవిరైన నీటి మట్టాన్ని మంచి నీళ్లతో నింపండి, మాధ్యమంతో కాదు. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు తొట్టిలోనే ఉంటాయి.

ఐదో అడుగు: కోత

కోత పొద్దున్నే మంచిది, రాత్రంతా కదలకుండా ఉంటే అది పైకి తేలి సగం పని చేసిపెడుతుంది. ముందు రాత్రే పంపు ఆపి, పొద్దున పై పొరలోంచి మొత్తంలో మూడో వంతు తోడండి. అంతకంటే ఎక్కువ తీస్తే మిగిలింది మళ్లీ పలచనైపోయి నీడ సమస్యకు వస్తారు. ముందుగా ఒక జల్లెడతో చెత్త, పురుగు తీసేసి, తర్వాత 30 నుంచి 50 మైక్రాన్ల నైలాన్ గుడ్డలో పోయండి. కిందికి దిగిన నీళ్లను పారేయకండి, తొట్టిలోకే తిరిగి పోతాయి.

గుడ్డలో చిక్కటి ముద్ద మిగులుతుంది. గుడ్డ మడిచి, నీళ్లు దిగేదాకా నెమ్మదిగా అదమండి. ఈ అదమడంలోనే సోడా రుచి, మిగిలిన నైట్రేట్ వెళ్లిపోతాయి, అందుకే తొందరపడకూడదు. దిగే నీళ్లు దాదాపు రంగు లేకుండా ఉండాలి. నీలంగా వస్తే కణాలు పగిలి ఫైకోసయనిన్ కారిపోతోందని అర్థం, అంటే గట్టిగా నొక్కారు లేదా ముద్ద పాతబడింది. ఉత్త నీళ్లతో ఎక్కువసేపు కడిగినా ఇదే జరుగుతుంది. లవణపు నీటికి అలవాటుపడ్డ కణం మంచినీళ్లు తాగి ఉబ్బి పగులుతుంది.

కోసినదాని బదులు తొట్టికి మేత పెట్టాలి. 40 లీటర్లలో మూడో వంతు కోతకు సుమారు 6 గ్రాముల ఎండు సరుకు వస్తుంది. అందులో 60 శాతం వరకు మాంసకృత్తే, అంటే నత్రజని పదో వంతు. పొటాషియం నైట్రేట్‌లో నత్రజని 14 శాతం. ఈ లెక్కన 6 గ్రాముల పంటకు 4 గ్రాముల పైచిలుకు చాలాలి, కానీ కొంత వృథా పోతుందనుకుని 6 నుంచి 8 గ్రాముల పొటాషియం నైట్రేట్ వేయండి. దానితో పాటు ఫాస్ఫేట్ 0.3 గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రాము, ఇనుప ద్రావణం 3 మిల్లీలీటర్లు. వంట సోడా సంగతి పీహెచ్ చెబుతుంది. నాలుగైదు నెలలకోసారి తొట్టి నీళ్లలో సగం మార్చడం మంచిది.

ఆరో అడుగు: ఆరబెట్టడం

తాజా ముద్ద రుచి, వాసన దాదాపు లేనట్టే ఉంటాయి. ఎండు పొడి వాసన తెలిసినవాళ్లు నమ్మరు. కానీ అది గది ఉష్ణోగ్రతలో కొన్ని గంటలు, ఫ్రిజ్‌లో రెండు రోజుల కంటే ఆగదు. వెంటనే తినకపోతే చిన్న భాగాలు చేసి గడ్డకట్టించండి, లేదా ఆరబెట్టండి.

ఆరబెట్టడానికి సూది లేని పెద్ద సిరంజిలో ముద్ద నింపి, తట్ట మీద సన్నని తీగల్లా పిండండి. మందంగా పరిస్తే పైన ఎండి లోపల కుళ్లుతుంది. డీహైడ్రేటర్‌లో 45 నుంచి 55 డిగ్రీల మధ్య కొన్ని గంటలు. 60 దాటనివ్వకండి, ఫైకోసయనిన్ వేడికి తట్టుకోదు. నేరుగా ఎండలో పెడితే రంగు వెలుస్తుంది, ఈగలూ వస్తాయి. విరిస్తే చిటుక్కుమని విరగాలి. వంగితే ఇంకా తడి ఉంది. పొడి చేసి, గాలి చొరని ముదురు రంగు సీసాలో పెట్టండి.

పొడి మంచిదో కాదో చూడటానికి ఒక చిటికెడు గాజు గ్లాసులోని నీళ్ల మీద చల్లి కదపకుండా వదిలేయండి. కొన్ని గంటల్లో నీళ్లలోకి నీలం దిగాలి. ఉత్త ఆకుపచ్చ, గోధుమ రంగు మాత్రమే దిగితే వేడికో వెలుతురుకో పాడైపోయిన సరుకు. కొనుక్కున్న పొడిని కూడా ఇలాగే చూడవచ్చు. ఈ నీలాన్నే మిఠాయిలకు సహజ రంగుగా వాడటానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2013లో అనుమతిచ్చింది.

ఏడో అడుగు: తినే ముందు పరీక్ష

ఇది దాటేయదగ్గ అడుగు కాదు. స్పిరులినా తానుగా విషం తయారుచేయదు. దాని పక్కన మైక్రోసిస్టిస్ లాంటి సయనోబాక్టీరియా చేరితే అవి మైక్రోసిస్టిన్ తయారుచేస్తాయి, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, మరగబెట్టినా పోదు. అమెరికాలోని క్లామత్ సరస్సు నుంచి సహజంగా తీసే మరో నీలి ఆకుపచ్చ నాచు ఉత్పత్తుల్లో ఇదే సమస్య వచ్చి, ఓరెగాన్ రాష్ట్రం 1997లో గ్రాముకు ఒక మైక్రోగ్రామ్ అని హద్దు పెట్టింది. సహజ సరస్సు సరుకు అనగానే మంచిదనుకోవడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదటి పంటను ఆహార పరీక్షల ప్రయోగశాలకు పంపి మూడు చూపించండి: సూక్ష్మజీవుల లెక్క, భార లోహాలు, మైక్రోసిస్టిన్. ఆ తర్వాత తొట్టిని వారానికోసారి సూక్ష్మదర్శిని కింద చూస్తూ, నీళ్లో లవణమో కొత్త మూలం నుంచి తెచ్చినప్పుడల్లా మళ్లీ పరీక్ష చేయించండి.

ఎనిమిదో అడుగు: ఎంత తినాలి, ఏమి ఆశించాలి

రోజుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, వారం తర్వాత ఒళ్లు ఒప్పుకుంటే 3 నుంచి 5 గ్రాముల వరకు వెళ్లండి. వేడి వంటకంలో ఉడికించకుండా, చల్లారాక పైన కలుపుకోండి.

‘60 శాతం మాంసకృత్తులు’ అని ప్రచారం చేస్తారు, అబద్ధం కాదు. కానీ 5 గ్రాముల్లో 60 శాతమంటే 3 గ్రాములు. ఒక కోడిగుడ్డులో అంతకు రెట్టింపు ఉంటుంది. మాంసకృత్తుల కోసమే అయితే ఇంత శ్రమ అక్కర్లేదు. దీని అసలు విలువ ఇనుములో, బీటా కెరోటిన్‌లో, ఫైకోసయనిన్‌లో, గామా లినోలెనిక్ ఆమ్లంలో ఉంది. చిటికెడులో ఇన్ని దొరకడం అరుదే. రక్తంలో కొవ్వు కొంత తగ్గినట్టు, ముక్కు కారే అలర్జీ కొంత ఉపశమించినట్టు చిన్న చిన్న అధ్యయనాలు చూపించాయి. అంతవరకే. కాన్సర్ తగ్గిస్తుందని, మధుమేహం మాయమవుతుందని చెప్పేవాళ్ల మాట చెవిన పెట్టకండి.

బీ12 గురించి విడిగా చెప్పాలి. మాంసం తిననివాళ్లు చాలామంది బీ12 కోసమే స్పిరులినా మొదలుపెడతారు. ఇందులో ఉన్నది ఎక్కువగా నకిలీ బీ12, రూపం దగ్గరగా ఉన్నా మన ఒంటికి పనికిరాదు. కొన్ని పరీక్షలు రెంటినీ కలిపి లెక్కించడం వల్ల సీసా మీద అంకె మాత్రం ఘనంగా కనిపిస్తుంది. బీ12 కావాలంటే వేరే దారి చూసుకోండి.

ఫినైల్‌కీటోన్యూరియా (మాంసకృత్తుల్లోని ఫినైల్అలనిన్‌ను ఒళ్లు వాడుకోలేని పుట్టు జబ్బు) ఉన్నవాళ్లు దీన్ని ముట్టకూడదు. లూపస్ లాంటి స్వయం నిరోధక జబ్బులున్నవాళ్లు, రోగనిరోధక శక్తిని అణిచే మందులు లేదా రక్తం గడ్డకట్టనివ్వని మందులు వాడుతున్నవాళ్లు, ఒంట్లో ఇనుము ఎక్కువగా నిలిచేవాళ్లు, గౌట్ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడగాలి. చిన్నపిల్లలకు ఇంట్లో పెంచింది పెట్టకండి.

తొట్టి మొరాయిస్తే

నీలం తగ్గి పసుపు పచ్చ తేలితే, ముందు నైట్రేట్ వేసి రెండు రోజులు చూడండి. ఎండ గట్టిగా ఉన్న రోజుల్లో అయితే నీడ కూడా ఇవ్వండి. వడకట్టు గుడ్డ జిగురుగా మూసుకుపోతుంటే అదీ తరచుగా నత్రజని కరువే. పెరగలేని కణం తయారుచేసుకున్న చక్కెరలను జిగురుగా బయటికి తోసేస్తుంది. పోగులు పైకి తేలకుండా అడుగున పడుతుంటే, కలపడం సరిపోలేదో చలి తగిలిందో చూడండి. కొద్దిపాటి నురగ మామూలే, కుప్పలుగా వస్తే ఏదో ఒత్తిడిలో ఉంది.

గుడ్డలోంచి దిగిన నీళ్లు పచ్చగా ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు: పోగులు తెగి ముక్కలయ్యాయి, లేదా క్లోరెల్లా లాంటి ఏకకణ జీవి కాపురం పెట్టింది. సూక్ష్మదర్శినిలో తేలిపోతుంది. రెండోదైతే పోరాడకండి. నేను ఒకసారి రెండు నెలలు పోరాడి, చివరికి మొత్తం పారబోశాను. కుళ్లు వాసన వస్తే వెంటనే పారబోయండి, ఏ కారణమూ వెతకొద్దు.

పారబోయడానికి మనసు రావాలంటే వెనక ఒక సీసా ఉండాలి. తొట్టి బాగున్న రోజుల్లోనే అర లీటరు కల్చర్ తీసి, తాజా మాధ్యమం అర లీటరు కలిపి, మూత వదులుగా పెట్టి, నేరుగా ఎండ తగలని వెలుతురులో గది ఉష్ణోగ్రతలో ఉంచండి. రోజుకోసారి తిప్పండి, నెలకోసారి సగం తీసి కొత్త మాధ్యమం పోయండి. సీసా మీద తేదీ రాయండి. తొట్టిలో వాడిన గరిటె, గుడ్డ ఈ సీసాకు తగలనివ్వకండి.